చంద్రకాంత: పుస్తకం చదివిన తాతయ్య, సీరియల్ చూసిన మేము

ఈ రోజు ఎపిసోడ్ ఒక గొడవ గురించి. మీకు బాగా తెలిసిన గొడవే. ప్రాణం పెట్టి చదివిన ఒక ఫాంటసీ నవల ఉంటుంది. దాన్ని ఎవరో సీరియల్‌గానో, సిరీస్‌గానో తీస్తారు. పుస్తకం చదివినవాళ్ళు "ఇది కాదు కథ, పాడు చేశారు" అంటారు. చదవనివాళ్ళు "మాకు బాగానే ఉంది కదా, మధ్యలో మీ గోలేంటి" అంటారు. 2019లో గేమ్ ఆఫ్ థ్రోన్స్ ఆఖరి సీజన్ వచ్చినప్పుడు చూశారుగా, ఆ సీజన్ మళ్ళీ తీయండి అని ఆన్‌లైన్‌లో పిటిషన్ పెడితే 15 లక్షల మందికి పైగా సంతకాలు చేశారు. ఇదంతా ఇంటర్నెట్ వచ్చాక పట్టుకున్న జబ్బు అంటుంటారు కొందరు. కాదండి. 1994లో తెనాలి పక్కన ఒక ఊళ్ళో, మా ఇంటి ముందు గదిలో, సరిగ్గా ఇదే గొడవ జరిగింది. పిటిషన్ లేదు, సంతకాలు లేవు. మా తాతయ్య ఒక్కడూ ఒకవైపు, మిగతా అందరం ఒకవైపు.

ఆ సీరియల్ పేరు 'చంద్రకాంత'. దూరదర్శన్‌లో ఆదివారం పొద్దున వచ్చేది. మీలో చాలామంది అప్పటికి పుట్టలేదు. మీ అమ్మనో నాన్ననో అడగండి, "యక్కు" అంటే ఏంటని. వాళ్ళ మొహంలో ఏదో వెలుగుతుంది చూడండి. అది క్రూర్ సింగ్ అనే విలన్ ఊతపదం. దాని దగ్గరికి తర్వాత వస్తాను.

ముందు అప్పటి పరిస్థితి చెప్పాలి, లేకపోతే ఈ తరానికి అర్థం కాదు. మాకు కేబుల్ లేదు. జెమిని, ఈటీవీ రెండూ 1995లో మొదలయ్యాయి. అప్పటిదాకా మా ఊళ్ళో టీవీ అంటే దూరదర్శనే. సాయంత్రం కాసేపు హైదరాబాద్ నుంచి తెలుగు కార్యక్రమాలు, మిగతా అంతా ఢిల్లీ నుంచి హిందీ. హిందీ ముక్క రాకపోయినా రామాయణం, మహాభారతం మా ఊరు ఊరంతా చూసింది. ఎందుకంటే కథ తెలుసు. భీష్ముడు ఏం అంటున్నాడో భాష రాకపోయినా తెలుస్తుంది. చంద్రకాంతకి ఆ సౌకర్యం లేదు. ఎవరు ఎవరికి ఏమవుతారో, ఎవరు ఎవరి వేషంలో ఉన్నారో, గుహలో అద్దం ఎందుకు పగిలిందో, ఒక్క ముక్క తెలీదు. కథ తెలిసినవాడు ఆ వీధిలో ఒక్కడే. మా తాతయ్య.

తాతయ్య హైస్కూల్లో హిందీ పండిట్‌గా చేసి రిటైర్ అయ్యాడు. ఊళ్ళో అందరూ 'హిందీ మాస్టారు' అనేవాళ్ళు. దక్షిణ భారత హిందీ ప్రచార సభ పరీక్షలు ప్రాథమిక దగ్గర నుంచి ప్రవీణ దాకా వరసగా రాసి ఆ ఉద్యోగం తెచ్చుకున్న మనిషి. ఆ చదువుకునే రోజుల్లోనే చంద్రకాంత నవల చేతికి దొరికిందట. పరీక్ష పుస్తకం పక్కన పెట్టి దాన్ని చదివాడట. సీరియల్ వస్తోందని తెలిసిన రోజున ఆయన హడావుడి చూడాలి. మేడ ఎక్కి యాంటెన్నా తనే తిప్పాడు.

సరే, ఇప్పుడు ఆ నవల దగ్గరికి వెళ్దాం. అసలు సరుకు అక్కడుంది.

చంద్రకాంత రాసింది దేవకీనందన్ ఖత్రీ. 1861లో పుట్టాడు, బీహార్ వైపు. తర్వాత కాశీలో స్థిరపడ్డాడు. ఆయన పండితుడు కాదు, ప్రొఫెసర్ కాదు, వ్యాపారి. కాశీ మహారాజు దగ్గర చకియా, నౌగఢ్ అడవుల కాంట్రాక్టు తీసుకున్నాడు. ఇప్పుడు ఉత్తరప్రదేశ్‌లో చందౌలి జిల్లా అంటాం చూడండి, ఆ వైపు. కొండలు, లోయలు, జలపాతాలు, పాడుబడ్డ కోటలు. కలప లెక్కలు చూసుకుంటూ ఆ శిథిలాల్లో తిరిగిన మనిషి, ఆ కాంట్రాక్టు పోయాక, కూర్చుని వాటి మీద కథ అల్లాడు. 1888 నుంచి అచ్చులో రావడం మొదలైంది. అప్పటికి ఆయన వయసు ఇరవై ఏడు. ఇది వింటున్నవాళ్ళలో చాలామంది వయసే.

కథలో ఉన్న ఊళ్ళు కల్పితం కాదండి. చునార్ కోట ఇప్పటికీ గంగ ఒడ్డున మీర్జాపూర్ జిల్లాలో ఉంది. విజయగఢ్ కోట సోన్‌భద్ర జిల్లాలో ఉంది. నౌగఢ్ ఉంది. మ్యాప్‌లో పెట్టి చూస్తే మూడూ ఒకే ప్రాంతంలో తేలతాయి. కథ కూడా సింపుల్. నౌగఢ్ యువరాజు వీరేంద్ర సింగ్, విజయగఢ్ రాకుమారి చంద్రకాంత ప్రేమించుకుంటారు. విజయగఢ్ దివాను కొడుకు క్రూర్ సింగ్‌కి ఆ అమ్మాయీ కావాలి, సింహాసనమూ కావాలి. అది కుదరక చునార్ రాజు శివదత్తు దగ్గర చేరతాడు. అక్కడి నుంచి ఎత్తులు, పైఎత్తులు. ఇంతకుమించి చెప్పను, స్పాయిలర్ అవుతుంది. నూట ముప్పై ఏళ్ళ నాటి నవలకి స్పాయిలర్ ఏంటని నవ్వకండి. ఆఖర్లో ముసుగులు తీసే చోట నేను నిజంగా అదిరిపడ్డాను.

అయితే ఈ నవల ప్రాణం రాజు, రాణి కాదు. ఐయార్లు. ఐయార్ అంటే ఏమని చెప్పాలి? మన కథల్లో వేగులవాళ్ళు ఉంటారు, కానీ సరిపోదు. గూఢచారి, బహురూపి, మందులు తెలిసినవాడు, పరిగెత్తేవాడు, తాడేసి గోడలెక్కేవాడు, పాడేవాడు, అన్నీ ఒక్కడే. భుజానికి ఒక సంచి. అందులో వేషం మార్చుకునే రంగులు, వాసన చూస్తే స్పృహ తప్పే పొడి, మళ్ళీ తెలివి తెప్పించే 'లఖలఖా' అనే మందు, కమంద్ అనే తాడు. వీరేంద్రుడి పక్కన తేజ్ సింగ్ ఐయార్. చంద్రకాంత పక్కన చపల అనే ఆడ ఐయార్. అవునండి, 1888లో ఆడ ఐయార్. మగవేషం వేస్తుంది, శత్రువుల మధ్యలోకి వెళ్తుంది, తన రాకుమారిని తనే కాపాడుకోవాలని చూస్తుంది.

ఐయార్లకి ఒక నీతి ఉంది. ఐయార్‌ని పట్టుకుంటే చంపకూడదు, ఖైదులో పెట్టాలి. ఖత్రీ ముందుమాటలోనే చెప్తాడు, పూర్వం రాజుల దగ్గర ఇలాంటివాళ్ళు ఉండేవాళ్ళని, సైన్యాలు చావకుండా, నెత్తురు చిందకుండా తగువులు తేల్చేవాళ్ళని. నిజంగా ఉండేవాళ్ళా లేదా అన్న చర్చ అటుంచి, 1857 తిరుగుబాటు జరిగి ముప్పై ఏళ్ళు మాత్రమే అయిన ఊళ్ళో, కత్తి కన్నా తెలివి గొప్పదని చెప్పే వీరుల కథ జనానికి ఎందుకు అంత పట్టిందో ఊహించండి. ఇది నా ఊహే అనుకోండి.

ఇప్పుడు మీరు రీల్స్‌లో చూసే ఒక మాట. "ఈ పుస్తకం చదవడానికి లక్షల మంది హిందీ నేర్చుకున్నారు." ఇందులో ఎంత నిజం? లెక్క ఎవరూ తీయలేదు, తీయలేరు కూడా. కానీ ఈ మాటకి పునాది ఉంది. రామచంద్ర శుక్ల అని హిందీ సాహిత్య విమర్శలో చాలా పెద్దాయన. 1929లో వచ్చిన ఆయన హిందీ సాహిత్య చరిత్రలో, ఖత్రీ తయారు చేసినంత మంది పాఠకుల్ని ఇంకే రచయితా తయారు చేయలేదని, ఉర్దూ వచ్చినవాళ్ళు ఎంతోమంది చంద్రకాంత కోసమే హిందీ నేర్చుకున్నారని రాశాడు. అదే పెద్దాయన, ఈ నవలలు సాహిత్యం కోవలోకి రావని కూడా తేల్చేశాడు. పొగడ్తా తిట్టూ ఒకే చోట. కమర్షియల్ సినిమాకి మన క్రిటిక్స్ ఇచ్చే రివ్యూ లాగా లేదూ?

ఇక్కడ ఒక చిన్న సవరణ చెప్పాలి. వాళ్ళు నేర్చుకున్నది భాష కాదండి, లిపి. కాశీ, లక్నో, అలహాబాద్ వీధుల్లో మాట్లాడే భాష ఒకటే. దాన్ని ఉర్దూ లిపిలో రాస్తే ఒక పేరు, నాగరిలో రాస్తే ఇంకో పేరు. 1837 ప్రాంతంలో ఫార్సీని పక్కన పెట్టాక అక్కడి కోర్టుల్లో ఉర్దూ వచ్చింది. ఉద్యోగం కావాలంటే ఉర్దూ లిపి రావాలి. నాగరికి కోర్టుల్లో అనుమతి వచ్చింది 1900లో. కాశీలో నాగరీ ప్రచారిణి సభ పెట్టిందే 1893లో. అంటే చంద్రకాంత వచ్చేనాటికి నాగరి లిపి నేర్చుకుంటే కూడు పెట్టేది కాదు. అలాంటి లిపిని జనం కేవలం ఒక కథ తర్వాత ఏమైందో తెలుసుకోవడానికి కూడబలుక్కుని నేర్చుకున్నారు. సభలు, తీర్మానాలు, మహజర్లు చేయలేని పని ఒక మాజీ అడవి కాంట్రాక్టరు చేశాడు. ఖత్రీ రాసిన హిందీ కూడా అలాగే ఉంటుంది, వీధిలో మాట్లాడే మాటలు, ఫార్సీ మాటలు తీసెయ్యకుండా. సంస్కృతం దట్టించలేదు.

డిమాండ్ ఎంతంటే, తర్వాత 'చంద్రకాంత సంతతి' అని 24 భాగాలు రాశాడు. ఇది వాళ్ళ కొడుకుల కథ. ఆ తర్వాత 'భూత్‌నాథ్' మొదలుపెట్టి, పూర్తి కాకుండానే 1913లో చనిపోయాడు. మిగతాది ఆయన కొడుకు దుర్గాప్రసాద్ ఖత్రీ పూర్తి చేశాడు. మధ్యలో సొంతంగా లహరీ ప్రెస్ పెట్టుకున్నాడు. ఫ్రాంచైజీ, సీక్వెల్, స్పిన్-ఆఫ్, సొంత ప్రొడక్షన్ హౌస్. అన్నీ అప్పుడే ఉన్నాయి.

ఇప్పుడు అసలు పాయింట్‌కి వస్తున్నా, జాగ్రత్తగా వినండి. ఈ నవలలో మంత్రం లేదు.

నేను కూడా చదివేదాకా నమ్మలేదు. 'తిలిస్మ్' అనే మాట ఉంటుంది, అంటే మాయాకట్టడం. ఎప్పుడో రాజులు నిధి దాచి, చుట్టూ చిక్కుముళ్ళు పెట్టి కట్టిన చోటు. ఒక పాడుబడ్డ చోట పెద్ద కొంగ బొమ్మ ఉంటుంది, దగ్గరికి వెళ్ళినవాళ్ళని నోరు తెరిచి మింగేస్తుంది. చదువుతుంటే ఒళ్ళు జలదరిస్తుంది. కానీ తర్వాత ఖత్రీ కూర్చోబెట్టి చెప్తాడు, అది ఎలా పని చేస్తుందో. యంత్రం, కీలు, మందుల మిశ్రమం. తిలిస్మ్‌ని ఛేదించాలంటే దాని తాలూకు పుస్తకం సంపాదించి, అందులో రాసినట్టు ఒక్కో మెట్టూ చేసుకుంటూ పోవాలి. గేమ్‌లో వాక్‌త్రూ చూసుకుంటూ లెవెల్ దాటినట్టు. ఐయార్ వేషం మార్చేది మంత్రంతో కాదు, రంగులతో. మనిషిని పడగొట్టేది శాపంతో కాదు, పొడితో.

ఇదెందుకంత ముఖ్యమో తెలియాలంటే ఖత్రీ ఎక్కడి నుంచి తెచ్చుకున్నాడో చూడాలి. ఐయారూ, తిలిస్మూ ఆయన కనిపెట్టినవి కావు. ఉర్దూలో 'దాస్తాన్' అనే పెద్ద సంప్రదాయం ఉంది, రాత్రుళ్ళు కూర్చుని నోటితో చెప్పే కథలు. అమీర్ హమ్జా కథలు, అందులో అమ్ర్ ఐయార్ అనే మహా టక్కరి, అతని దగ్గర ప్రపంచం మొత్తం పట్టే సంచి. ఆ కథల్లో 'తిలిస్మ్-ఎ-హోష్రుబా' అనే భాగాన్ని లక్నోలో నవల్ కిషోర్ ప్రెస్ వాళ్ళు 1883 నుంచి వేల పేజీల్లో అచ్చేశారు. చంద్రకాంతకి ఐదేళ్ళ ముందు. ఆ దాస్తాన్ నిండా మాంత్రికులు, మాంత్రికురాళ్ళు, గాల్లో నగరాలు. ఖత్రీ ఏం చేశాడు? ఐయార్‌ని తీసుకున్నాడు, తిలిస్మ్‌ని తీసుకున్నాడు, మంత్రాన్ని తీసి అవతల పారేశాడు. అంటే ఆయన కూడా అడాప్టేషన్ చేసినవాడే. దాస్తాన్ అభిమాని ఎవరైనా ఆ రోజు చంద్రకాంత చదివి "ఛీ, సగం మజా తీసేశాడు" అని ఉంటే తప్పు పట్టలేం.

ఇక సీరియల్. నిర్జా గులేరి తీశారు. శిఖా స్వరూప్ చంద్రకాంత, షాబాజ్ ఖాన్ వీరేంద్రుడు. మహాభారత్‌లో కర్ణుడు వేసిన పంకజ్ ధీర్ ఇందులో శివదత్తు. భీష్ముడు వేసిన ముఖేష్ ఖన్నా జాంబాజ్ అనే పాత్ర, అది నవలలో లేనేలేదు. బద్రీనాథ్ అని శివదత్తు దగ్గర ఉండే ఐయార్ వేషం ఒక సన్నటి కుర్రాడు వేశాడు, పెద్ద కళ్ళు. మా నాయనమ్మ ఆ కళ్ళు చూసి "వీడు రాత్రుళ్ళు నిద్రపోడేమో" అనేది. ఆయనే ఇర్ఫాన్ ఖాన్. తర్వాత 2006లో మహేష్ బాబు 'సైనికుడు'లో విలన్‌గా మన తెలుగు తెర మీదకీ వచ్చాడు.

అందరినీ మింగేసింది మాత్రం క్రూర్ సింగ్. అఖిలేంద్ర మిశ్రా. పైకి దువ్విన ఆ కనుబొమ్మలు, ఆ గొంతు, ఆ "యక్కు". తర్వాత 'లగాన్'లో ఊరి కమ్మరి అర్జన్‌గా వేశాడే, ఆయన. స్కూల్లో ఇంటర్వెల్ బెల్ కొట్టగానే ఒక పాతిక మంది క్రూర్ సింగ్‌లు గ్రౌండ్‌లో తిరిగేవాళ్ళు. నవలలో పెద్ద శత్రువు శివదత్తు. క్రూర్ సింగ్‌కి అంత చోటు లేదు. సీరియల్ చూసేవాళ్ళు అతన్ని పైకి లేపారు. మనకిది కొత్త కాదు. మధిర సుబ్బన్న దీక్షితులు గారి కాశీమజిలీ కథల్లో ఒకదాన్ని పట్టుకుని కె.వి.రెడ్డి 1951లో 'పాతాళభైరవి' తీస్తే, జనం ఇంటికి తీసుకెళ్ళింది ఎస్వీ రంగారావు నేపాళ మాంత్రికుణ్ణి. కథ ఎవరిదైనా, ఏ మనిషి గుర్తుండిపోవాలో చూసేవాళ్ళే నిర్ణయిస్తారు.

తేడా ఏంటంటే, సీరియల్‌లో మంత్రం తిరిగి వచ్చింది. విషకన్యలు వచ్చారు. కత్తుల్లోంచి మెరుపులు వచ్చాయి. అద్దాలు మాట్లాడాయి. నవల నాలుగు భాగాల్లో అయిపోతుంది, సీరియల్ రెండేళ్ళ పాటు నడిచింది. కథ సాగాలంటే ఇంకా రాజ్యాలు, ఇంకా పాత్రలు కావాలి. ఖత్రీ పారేసిన మంత్రాలన్నీ సీరియల్ వాళ్ళు ఏరుకొచ్చి మళ్ళీ పెట్టారు. ఒక రకంగా చూస్తే చంద్రకాంత వెనక్కి దాస్తాన్ ఇంటికి వెళ్ళిపోయింది. అప్పుడు నాకు ఇదేమీ తెలీదు. ఎనిమిదేళ్ళ పిల్లాడిని.

మా ఇంట్లో ఏం జరిగిందో ఇప్పుడు చెప్తా.

ఆదివారం పొద్దున మా ముందు గదిలో ఇరవై మంది దాకా చేరేవాళ్ళు. తాతయ్య పడక్కుర్చీలో టీవీ పక్కనే. సీన్ రాగానే తెలుగులో చెప్పేవాడు. "ఇదిగో వీడు మందు పొడి చల్లాడు. ఇప్పుడు వాళ్ళు పడిపోతారు. వాడు ముసలివాడు కాదర్రా, తేజ్ సింగే, గడ్డం అతికించుకున్నాడు." ఎంత బాగా చెప్పేవాడంటే, కరెంటు పోయినా ఎవరూ లేచేవాళ్ళు కాదు. ఆయన కథ కొనసాగించేవాడు. మాకు సీరియల్ అంటే తాతయ్య గొంతే.

వేసవి సెలవులకి హైదరాబాద్ నుంచి మా అత్త కొడుకు వచ్చాడు. మాకు బావ, పన్నెండేళ్ళు. హైదరాబాద్ కదా, హిందీ గడగడా వచ్చు. మొదటి ఆదివారమే మధ్యలో నవ్వాడు. "తాతయ్యా, ఆవిడ అలా అనలేదు. మంత్రశక్తి అంటోంది. మీరేమో పొడి అంటున్నారు."

తాతయ్య వినిపించుకోనట్టే కొనసాగించాడు. బావ ఊరుకోలేదు. రెండో సీన్‌లోనూ అదే. మూడోసారి మా బాబాయ్ అందుకున్నాడు. "నాన్నా, టీవీలో ఏముందో అది చెప్పు. నీ సొంత కథ మాకెందుకు?" గదిలో అందరూ నవ్వారు. నేనూ నవ్వాను. గట్టిగానే నవ్వాను. "తాతయ్యకి హిందీ రాదు" అని కూడా అన్నాను.

ముప్పై ఏళ్ళు పిల్లలకి హిందీ చెప్పిన మనిషిని, ఆయన ఇంట్లో, వీధి వాళ్ళ ముందు, ఆ మాట అన్నాను. ఆయన ఏమీ అనలేదు. "నవలలో అలా లేదురా" అన్నాడంతే. లేచి పేపరు తీసుకుని అరుగు మీద కూర్చున్నాడు. బావ సెలవులు అయిపోయి వెళ్ళిపోయాక కూడా తాతయ్య మళ్ళీ టీవీ ముందు కూర్చుని కథ చెప్పలేదు. మేం అర్థం కాకపోయినా చూశాం, క్రూర్ సింగ్ కనుబొమ్మల కోసం. నాయనమ్మ ఒకసారి బతిమాలింది. "వాళ్ళు తీసింది నాకూ అర్థం కావట్లేదులే" అన్నాడు. తాతయ్య 2003లో పోయాడు. ఆ విషయం మేం మళ్ళీ ఎప్పుడూ మాట్లాడుకోలేదు.

2020 ఏప్రిల్ 29న ఇర్ఫాన్ ఖాన్ చనిపోయాడు. లాక్‌డౌన్. అందరి ఫోన్లలో ఆయన పాత క్లిప్పులు తిరుగుతున్నాయి. ఒకటి బద్రీనాథ్‌ది. చూస్తూ చూస్తూ, నవలలో ఈ బద్రీనాథ్ ఉన్నాడా అని అనుమానం వచ్చింది. ఖత్రీ పోయి వందేళ్ళు దాటింది, కాపీరైట్ ఎప్పుడో అయిపోయింది, పుస్తకం నెట్‌లో ఫ్రీగా ఉంది. తెరిచాను. చదవలేకపోయాను. మాది తెలుగు మీడియం. పదో తరగతిలో హిందీకి 20 మార్కులు వస్తే పాస్. నాకు 31 వచ్చాయి, ఇంట్లో పండగ. హిందీ మాస్టారి మనవడి సంగతి ఇది. సినిమాల పుణ్యమా అని వింటే అర్థమవుతుంది, చదవాలంటే మాత్రం ఒత్తుల దగ్గర ఆగిపోతాను. మొదటి పేజీకి నలభై నిమిషాలు పట్టింది. సాయంత్రం వేళ, కొండ పక్కన బండ మీద కూర్చుని వీరేంద్రుడు, తేజ్ సింగ్ మాట్లాడుకుంటుంటారు. అంతే ఉంది ఆ పేజీలో. ఫోన్‌లో అక్షరాలు పెద్దవి చేసుకుని, పైకి చదువుతూ, రోజుకి నాలుగైదు పేజీలు. జులైకి అయిపోయింది.

బద్రీనాథ్ ఉన్నాడు. పొడి ఉంది. అతికించిన గడ్డం ఉంది. మింగే కొంగ ఉంది, అది యంత్రమేనని తాతయ్య చెప్పిన మాట ఉంది. ఆయన మాకు చెప్పినదాంట్లో సగం, టీవీలో అప్పుడు కనిపిస్తున్న బొమ్మకి సంబంధం లేని కథ. కానీ ప్రతి ముక్కా ఖత్రీ రాసిందే. ఆయన కల్పించి చెప్పలేదు, తప్పుగా అనువాదం చేయలేదు. సీరియల్ మీద పుస్తకాన్ని పెట్టి చెప్పుకుంటూ పోయాడు. ఆయనకి హిందీ బాగా వచ్చు కాబట్టే టీవీ ఏమంటోందో తెలిసి కూడా ఇంకోటి చెప్పగలిగాడు.

దాన్ని ఏమనాలో నాకు ఇప్పటికీ పూర్తిగా తేలలేదు. మోసం అనొచ్చు, మేం అడిగింది టీవీలో ఉన్నది. ఇరవై మందిని కూర్చోబెట్టి వాళ్ళు చూస్తున్నది కాక ఇంకోటి చెప్పడానికి ఆయనకి హక్కు లేదు. బాబాయ్ అన్నదాంట్లో న్యాయం ఉంది. కానీ ఇంకో మాట. 2017లో చంద్రకాంతని ఒకే ఏడాది రెండు ఛానళ్ళు తీశాయి, లైఫ్ ఓకే ఒకటి, కలర్స్ ఒకటి. రెండూ కొంచెం కొంచెం చూశాను. గ్రాఫిక్స్ ఇంకా పెరిగాయి, పొడి సంచి ఇంకా తగ్గింది. నా మటుకు నాకు 1994 సీరియల్ అంటే ఇప్పటికీ ఇష్టం, ఆ కనుబొమ్మలూ ఆ అట్ట సెట్టింగులూ అన్నీ. మంత్రం పెట్టినందుకు కూడా నాకు కోపం లేదు. ఖత్రీ తీసేయగా లేనిది వీళ్ళు పెడితే తప్పేంటి? నాకు నచ్చనిది ఒక్కటే. మంత్రం వచ్చేసరికి చపల చేతిలో పని పోయింది. నవలలో తెలివితో గెలిచే ఆడమనిషి, సీరియల్‌లో మెరుపులు వచ్చేదాకా ఎదురుచూడాలి. తాతయ్య చెప్పిన కథలో చపల ఎదురుచూసేది కాదు. మా వీధిలో ఆడపిల్లలు గ్రౌండ్‌లో చపలలా నడుముకి చున్నీ బిగించి సంచి తగిలించుకుని తిరిగేవాళ్ళు. ఆ చపల దూరదర్శన్‌లోది కాదని ఇప్పుడు తెలుస్తోంది.

ఈ ఎపిసోడ్ రాసుకుంటూ పోయిన వారం బావకి ఫోన్ చేశాను. ఇప్పుడు డాలస్‌లో ఉంటాడు, ఇద్దరు పిల్లలు. ఆ ఆదివారం గుర్తుందా అని అడిగాను. క్రూర్ సింగ్ గుర్తున్నాడన్నాడు. తాతయ్య పడక్కుర్చీ గుర్తుందన్నాడు. గొడవ గుర్తులేదట. నవల చదివానని, తాతయ్య చెప్పినదంతా అందులో ఉందని చెప్పాను. కాసేపు ఏమీ మాట్లాడలేదు.

"కానీ నేనన్నది కూడా కరెక్టే కదరా," అన్నాడు. "సీరియల్లో ఆవిడ మంత్రమనే అంది."

"అవును బావా, మంత్రమనే అంది," అన్నాను.

పుస్తకం లింక్ పంపమన్నాడు. నాగరి చదవడం వచ్చు తనకి, నాలాగా నలభై నిమిషాలు పట్టదు. వచ్చే ఎపిసోడ్‌లో హోష్రుబా గురించి, ఆ అమ్ర్ ఐయార్ సంచి గురించి మాట్లాడుకుందాం. ఉంటానండి.